తలకట్టు చూసే బావ

మా బావ చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు తలకట్లు చూస్తాడు. కరెంటు బిల్లు అయినా అంతే, డాక్టరు చీటీ అయినా అంతే. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని, అక్షరం నెత్తిన గీత పైకి లేచే చోట సిరా సమంగా దిగిందా, ఎక్కడైనా చిట్లిందా అని వెతుకుతాడు. "అది అచ్చు బావా, పెన్నుతో రాసింది కాదు" అని చెబితే, "అచ్చయితే మాత్రం, తలకట్టు తలకట్టే కదరా" అంటాడు. ఇంతా చూసి, అందులో ఏముందని అడిగితే మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాలి.

నేను ఆయన బామ్మర్దిని. పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి కొట్టి రిటైరైనవాణ్ణి. నేను చెప్పేదాంట్లో ఎకసెక్కం ఎక్కువైందనిపిస్తే తప్పు నాది కాదు, వరసది. బావని ఆటపట్టించని బామ్మర్ది ఎక్కడైనా ఉంటే వాడికి ఒంట్లో బాగాలేదని అర్థం.

మా బావ ఫౌంటెన్ పెన్నులు చేస్తాడు. బాగుచేయడం కాదు, మొదటి నుంచి చివరి దాకా చేస్తాడు. మిల్లు రిపేరు షెడ్డులో టర్నరుగా ఉన్న రోజుల్లో ఫోర్‌మన్ గారి పెన్ను మూత పగిలితే సరదాకి ఒక మూత చేసిచ్చాడట. ఆ మూత బిగించినప్పుడు వేళ్ళకి తగిలిన ఆ మెత్తటి బిగువు ఆయన్ని జీవితాంతం వదల్లేదు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంటి వెనకాల సామాన్ల గదిలో ఒక పాత లేత్ మిషన్ తెచ్చి పెట్టుకున్నాడు. అది వచ్చిన రోజు మా అక్క, "మరి సామాన్లు ఎక్కడ పెట్టను?" అని అడిగింది. "ఇదీ సామానే కదే" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో సామాన్లు మంచాల కింద ఉంటాయి, మిషన్ మహారాజులా గదిలో ఉంటుంది.

పెన్ను పుట్టేది ఒక నల్లటి కడ్డీలోంచి. ఎబొనైట్ అంటారు, రబ్బరుని గంధకంతో కలిపి ఉడికించి రాయిలా గట్టిపరిచిన సరుకు. మిషన్ మీద అది గిరగిరా తిరుగుతుంటే ఉలి తగిలిన చోట నల్లటి రజను ఉంగరాలు ఉంగరాలుగా లేస్తుంది, గదంతా అగ్గిపుల్ల గీసిన వాసన వేస్తుంది. ఆ రజను బావ కనుబొమల్లో ఉంటుంది, చెవుల్లో ఉంటుంది, దులుపుకోకుండా లోపలికి వస్తే మా అక్క దిండ్ల మీద కూడా ఉంటుంది. కడ్డీని లోపల తొలిచి గొట్టం చేసి, వేళ్ళతో పట్టుకునే మెడ భాగం విడిగా తిప్పి, అన్నిటికీ మరలు తీస్తాడు. మూత ఒకటిన్నర చుట్టులో బిగుసుకోవాలి. రెండు చుట్లు పడితే కోపం వస్తుంది, ఆ మూత పక్కన పారేసి మొదటి నుంచి మొదలుపెడతాడు.

అవి ఇప్పటి పెన్నుల్లాంటివి కావు. మా తాతల చొక్కా జేబుల్లో కనిపించే రకం. పొడవాటి మూత, గుండ్రటి కొస, ఇత్తడి రేకుని సుత్తితో కొట్టి వంచిన క్లిప్పు, సిరా నేరుగా గొట్టంలోకే పోసుకోవడం. గరుకు కాగితాన్ని నీళ్ళలో తడిపి రుద్ది, తర్వాత అంతకన్నా సన్నదానితో, ఆ తర్వాత ఇంకా సన్నదానితో రుద్దుకుంటూ పోయి, చివరికి నూనె చుక్క వేసిన నూలుగుడ్డతో తుడిస్తే ఆ నలుపు లోపలి నుంచి మెరుస్తుంది. ఉద్యోగంలో నా చేతుల మీదుగా ఎన్నో పార్సెళ్ళు పోయాయి కానీ, అంత అందమైన వస్తువు ఒక్కటి కూడా పోలేదు. ఇది మాత్రం ఎకసెక్కం కాదు.

తయారైన పెన్నులో సిరా పోసి, పాళీ కిందకి ఉండేలా తన చొక్కా జేబులో తలకిందులుగా పెట్టుకుని వీధులన్నీ తిరిగొస్తాడు. ఎక్కడైనా మర సరిగ్గా కూర్చోకపోతే చొక్కాయే చెబుతుంది. అందుకే ఆయన చొక్కాలన్నిటికీ గుండె దగ్గర నీలి మచ్చ. "మచ్చలేని మనిషి అంటారు కదరా, మీ బావకి మాత్రం చొక్కాకో మచ్చ" అంటుంది మా అక్క, ఆరేసిన బట్టలు తీస్తూ.

ఇంతవరకూ బావ పని. ఇక్కడి నుంచి మా అక్క పని.

పాళీ మొదట్లో మొండిగా ఉంటుంది. దాని రెండు కొసలూ ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చోవాలి, మధ్య చీలికలోంచి సిరా జారాలి. బావ ఆ చీలికలోకి సన్నటి ఇత్తడి రేకు పోనిచ్చి, వేలిగోటితో ఒక కొసని వెంట్రుకవాసి అటో ఇటో నొక్కి, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దంలోంచి చూసి, పెన్నుని పక్కకి చాపుతాడు. పక్కన కిటికీ దగ్గర మా అక్క కుర్చీ ఉంటుంది, ఒక కాలు ఊగే పాత కుర్చీ. ఆమె పెన్ను అందుకుని కాగితం మీద ఒక వాక్యం రాస్తుంది. గీరితే "గీరుతోంది" అని చెయ్యి ఊపుతుంది. గీరకపోతే ఏమీ అనకుండా మూత పెడుతుంది. అంతే, ఆ పెన్ను పాసైనట్టు. ఆ తీర్పు మీద బావకి అప్పీలు లేదు.

ఆ తీర్పు ఆయన తనంతట తాను చెప్పుకోలేడు. మిల్లులో ఇనుము పట్టి పట్టి ఆయన వేళ్ళు తోలుముక్కల్లా తయారయ్యాయి, పాళీ గీరిందీ లేనిదీ వాటికి తెలియదు. చప్పుడుని బట్టి పోల్చుకుందామా అంటే, ఆయన చెవులు మిల్లు మోతలోనే సగం ఉండిపోయాయి. మా అక్కకేమో రెండూ ఉన్నాయి. పెళ్ళికి ముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి, పక్క వీధిలో ఎవరు గొణుక్కున్నా వినపడుతుంది. వినపడని ఆయనకీ అన్నీ వినపడే ఆమెకీ ఎవరు జత కుదిర్చారోగానీ, వాళ్ళకి దండం పెట్టాలి.

అక్క రాసే వాక్యాల సంగతి కూడా చెప్పాలి. ఆమెకి అరవడం ఇష్టం ఉండదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదేకన్నా రాసి పడేయడం నయం" అంటుంది. అందుకని ఇంట్లో ఏం చెప్పాలన్నా పెన్ను పరీక్షించే వంకతో రాసి ఆయన ముందు పెట్టేది. "పాలు విరిగిపోయాయి." "మీ చెల్లెలు ఫోన్ చేసింది, మీరు చెయ్యండి." "ఈ కుర్చీ కాలు ఊగుతోంది." ఆ ఇంట్లో సగం కాపురం ఆ పరీక్ష కాగితాల మీదే నడిచింది. ఒకసారి నా కళ్ళ ముందే, "ఇంత మొద్దు మనిషిని నేనెక్కడా చూడలేదు" అని రాసింది. బావ కంటికి అద్దం పెట్టుకుని కాగితం ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, "చాలా బాగా వచ్చింది" అన్నాడు. అక్కా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. పాళీ కుదిరిందన్న ఆనందంలో ఆయన కూడా మాతోపాటు నవ్వాడు.

నవ్వాం కానీ, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ కాగితాలు ఆయన చూసేవాడు, చదివేవాడు కాదు.

వంటింట్లో కుళాయి కారడం మొదలైంది. "కుళాయి కారుతోంది" అని అక్క రాసింది. బావ తలకట్లు చూసి బాగున్నాయన్నాడు. ఇంకో పెన్నుతో "కుళాయి ఇంకా కారుతోంది" అని రాసింది. గుండ్రాలు బాగా తిరిగాయన్నాడు. వెంట్రుకవాసి మరలు తీసే మనిషి ఉన్న ఇంట్లో కుళాయికి ఒక రబ్బరు బిళ్ళ మార్చే దిక్కు లేకపోయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఏమిటో ఆ కుళాయిని చూస్తే తెలిసేది. ఒకరోజు పొద్దున్నే ఆ తడి మీద అక్క కాలు జారింది. పడుతూ కుడిచెయ్యి నేలకి ఆనించింది. మణికట్టు విరిగింది.

కుళాయి ఆ సాయంత్రమే బాగైంది. మణికట్టుకి మాత్రం చాలాకాలం పట్టింది.

కట్టు విప్పాక చెయ్యి పనికొచ్చింది. గిన్నెలు ఎత్తేది, జడ వేసుకునేది, నేను తిక్క మాట ఏదైనా అంటే వీపు మీద చరిచేది. కానీ పెన్ను పట్టుకున్నప్పుడు ఆ మణికట్టు పూర్తిగా తిరిగేది కాదు. అందుకని తనకి తెలియకుండానే పెన్నుని కాస్త ఎడమకి దొర్లించి పట్టుకోవడం మొదలుపెట్టింది. పాళీ కాగితం మీద తిన్నగా ఆనకుండా ఒక కొస మీద ఒరిగి నడిచేది. రాసేవాళ్ళు రాతని చూసుకుంటారు కానీ రాసే చెయ్యిని చూసుకోరు కదా. ఆమెకి ఆ సంగతి తెలియనే లేదు.

మళ్ళీ కుర్చీలో కూర్చున్న రోజు అక్క ముఖం చూడాల్సింది. బడి సెలవులైపోయి స్నేహితులని కలుసుకున్న పిల్లలా ఉంది. బావ పెన్ను చాపాడు. "గీరుతోంది" అంది. ఆయన సర్దాడు. "ఇంకా గీరుతోంది" అంది. మళ్ళీ సర్దాడు. చాలాసేపటికి మూత పెట్టింది. ఆ పెన్ను ఒక లాయరు గారికి వెళ్ళింది, వెళ్ళినంత వేగంగానూ వెనక్కి వచ్చింది. ఆయన రాస్తే గీరుతోందట. ఆ తర్వాత ఒక లెక్కల మాస్టారి పెన్ను తిరిగొచ్చింది. ఆ వెనకే ఒక డాక్టరు గారి పెన్ను. డాక్టర్లు రాస్తే గీరక ఏం చేస్తుందని నేను సర్దిచెప్పబోయాను కానీ బావ నవ్వలేదు. ముందు పాళీలని తిట్టాడు, తర్వాత సిరాని తిట్టాడు, ఆ తర్వాత వాన చెమ్మని తిట్టాడు.

ఆదివారాలు నేను అక్కడికి వెళ్ళి పెన్నులు డబ్బాల్లో సర్దిపెడుతుంటాను. ఇంట్లో ఉంటే మా ఆవిడ అటక దులపమంటుంది, అందుకని కూడా. అలాంటి ఒక ఆదివారం అక్క రాస్తుంటే ఊరికే చూస్తూ కూర్చున్నాను. పాళీ నడుమ చిన్న చిల్లు ఒకటి ఉంటుంది, రాసేటప్పుడు అది పైకప్పు వైపు చూడాలి. అక్క చేతిలో అది కిటికీ వైపు చూస్తోంది. నేను తలెత్తి బావ వంక చూశాను. బావ అప్పటికే నన్ను చూస్తున్నాడు. ఆయనకి నాకన్నా ముందే తెలుసు.

మా బావతో గుట్టు మాట్లాడాలంటే అరవాలి. అరిస్తే అది గుట్టు కాదు. అందుకని ఇద్దరం సందు చివరి దాకా నడుచుకుంటూ వెళ్ళాం.

"చెప్పెయ్ బావా" అన్నాను. "చెయ్యి అలా తిరిగిపోయిందని చెబితే ఏమవుతుంది?"

"ఎందుకు తిరిగిపోయిందో కూడా చెప్పాలి కదరా" అన్నాడు.

నాకు వంటింటి కుళాయి గుర్తొచ్చింది.

"ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మీ అక్క ఎలా ఉంటుందో చూశావు కదా. నా నోటితో నేను దాన్ని అందులోంచి లేవమని చెప్పలేను. నువ్వు కాస్త సాయం పట్టు" అన్నాడు.

ఆయన ఉపాయం ఏమిటంటే, అక్క పాస్ చేసిన పెన్నుని తర్వాత మళ్ళీ విప్పి, అందరి చేతులకీ సరిపోయేలా సర్దడం. సర్దింది సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఒక మామూలు చెయ్యి కావాలి. ఆ మామూలు చెయ్యి నాది. నా రాత కోడి గీకినట్టు ఉంటుందని మా ఆవిడతో సహా లోకమంతా ఒప్పుకుంది. పైగా నా నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటివాడికి అలాంటి పని అప్పగించాడంటే మా బావ ఎంత ఇరకాటంలో పడ్డాడో మీరే ఆలోచించండి.

అక్క వంటింట్లోకి వెళ్ళగానే నేను రాసేవాణ్ణి. గీరితే తల అడ్డంగా ఊపేవాణ్ణి, గీరకపోతే నిలువుగా. పెన్నులు తిరిగి రావడం ఆగిపోయింది. అక్క మురిసిపోయింది. "చూశావా, మొదట్లో కాస్త తడబడింది కానీ నా చెయ్యి మళ్ళీ దారిలో పడింది" అంది నాతో. ఆ మాటకి నేను "ఊఁ" అన్నాను. అని, సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దాను.

ఎదురింట్లో ఒక టైలరమ్మ ఉంటుంది. కొలతలు రాసుకోవడానికి మంచి పెన్ను కావాలని ఎప్పటి నుంచో అడుగుతుంటే బావ ఒకటి చేశాడు. అక్క పాస్ చేసింది, వెనకాల మేం మళ్ళీ సర్దాం, నేను డబ్బాలో పెట్టాను. టైలరమ్మ వచ్చింది. డబ్బా ఇచ్చి పంపెయ్యాల్సింది పోయి, నేను ఆవిడతో వానల గురించి కబుర్లు పెట్టుకున్నాను. ఈలోగా అక్క, "ఉండండి, ఎలా రాస్తుందో చూపిస్తాను" అని డబ్బా తెరిచింది.

రెండు అక్షరాలు రాసి ఆగింది. మళ్ళీ రాసింది. పాళీ కరకరమంది. ఏమీ అనకుండా పెన్ను టైలరమ్మ చేతికిచ్చింది. ఆవిడ తన పేరు రాసుకుని, "ఎంత మెత్తగా పోతోందండీ, వెన్న మీద రాసినట్టుంది" అంది.

అక్క పెన్ను వంక చూసింది. తన మణికట్టు వంక చూసింది. తర్వాత మా ఇద్దరి వంక చూసింది. మేం తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డాం. "వాడుకోండి, బాగుంటుంది" అని టైలరమ్మని నవ్వుతూనే సాగనంపి, తలుపు వేసి నా దగ్గరికి వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి జరుగుతోందిరా ఇది?"

నేను మొత్తం కక్కేశాను. సందు చివరి మాటలతో సహా చెప్పేశాను. అక్క గోడకి ఆనుకుని విన్నది.

"చెయ్యి వంకర పోయిందంటే ఒక పూట ఏడ్చేదాన్ని" అంది. "ఏడ్చి ఊరుకునేదాన్ని. చిన్నపిల్లకి ఉత్త గరిటె చేతికిచ్చి వంట చెయ్యమన్నట్టు చేశారు మీరిద్దరూ. నేను నిజంగానే వండుతున్నాననుకున్నాను."

బావతో మాత్రం ఒక్క ముక్క అనలేదు. అనాలంటే అరవాలి, లేదా రాయాలి. అరవడం ఆమెకి ఎలాగూ ఇష్టం లేదు. రాయడం ఆ రోజుతో మానేసింది.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్ళాలంటే నాకు కాళ్ళు రాలేదు. అక్క కంచం పెట్టి కంచం వైపు వేలు చూపించేది. ఆయన కుక్కిన పేనులా తిని లేచేవాడు. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉండేది, దాని మీద రజను పేరుకునేది. పెన్నులు చేస్తూనే ఉన్నాడు, కానీ ఒక్కటీ గడప దాటలేదు. నేను రాసి బాగుందంటే నమ్మడు. పెన్ను అక్క కుర్చీ ముందున్న బల్ల మీద పెట్టి, మిషన్ ఆపి, వంటింటి వైపు చూస్తూ కూర్చుంటాడు. చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పట్టుకుని సందు చివరికి లాక్కెళ్ళాను.

"వెళ్ళి మాట్లాడు. తప్పయిపోయిందను. మహా అయితే నాలుగు తిడుతుంది. తిడితే నీకు వినపడదు కూడా" అన్నాను.

"ఏమని మాట్లాడనురా. కుళాయి సంగతి అది ఎన్నిసార్లు రాసిందో. ప్రతి కాగితం నా చేతుల్లోకి వచ్చింది. కంటికి అద్దం పెట్టుకుని మరీ చూశాను. లోకంలో ఇంకెవరూ అంత దగ్గరగా చూసి ఉండరు. అందులో మాట మాత్రం నాకు కనపడలేదు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిల్లులో వేలు నలిగినప్పుడు కూడా తడవని కళ్ళు అవి. తిడదామని తీసుకెళ్ళినవాణ్ణి, భుజం మీద చెయ్యి వేసి వెనక్కి నడిపించుకొచ్చాను. ఇన్నేళ్ళూ ఆయన్ని వెక్కిరిస్తూ తిరిగానుగానీ, నాకు ఆయనంటే ఎంత ఇష్టమో ఆ సందులోనే తెలిసింది.

తర్వాత ఆదివారం వెళ్ళేసరికి మిషన్ మీద వేరే కడ్డీ ఉంది. నలుపు మధ్య గోధుమరంగు చారలున్నది. ఎప్పుడో అక్క దాన్ని చేత్తో నిమిరి, "ఇది బాగుంది" అంటే, ఏదైనా గొప్ప పని వచ్చినప్పుడు వాడదామని గుడ్డలో చుట్టి దాచాడు. "ఎవరికి బావా ఇది?" అని అడిగితే పలకలేదు. ఆయనకి వినపడకపోవడానికీ, వినపడనట్టు ఉండటానికీ తేడా నాకు బాగా తెలుసు. ఇది రెండోది.

మెడ భాగం మామూలుకన్నా లావుగా తిప్పాడు, వేళ్ళు బిగించకపోయినా నిలిచేలా. గొట్టాన్ని లోపల ఇంకాస్త తొలిచి బరువు తగ్గించాడు. పాళీ దగ్గరికి వచ్చేసరికి నాకు విషయం అర్థమైంది, దాంతోపాటు దిగులూ పట్టుకుంది. పాళీని చేతికి తగ్గట్టు అమర్చాలంటే ఆ చెయ్యి రాస్తుండగా చూడాలి. అక్క పెన్ను ముట్టుకోనంటోంది.

బావ సొరుగు లాగి లాయరు గారి పెన్ను తీశాడు. మొట్టమొదట తిరిగొచ్చిన పెన్ను అది. లాయరు గారికి వేరేది చేసిచ్చి దీన్ని పనికిరాదని సొరుగులో పడేశాడు. గీరుతోంది, ఇంకా గీరుతోంది అని అక్క చెబుతుంటే, ఆమె చేతికి నచ్చేదాకా సర్దుతూ పోయిన పాళీ అందులో ఉంది. లోకంలో ఎవరు రాసినా గీరుతుంది, ఒక్క మా అక్క రాస్తే తప్ప. ఆ పాళీని జాగ్రత్తగా ఊడదీసి, దాని కింద ఉండే, సిరా పారే నాలుకని వేడినీళ్ళలో ముంచి మెత్తబరిచి, రెండిటినీ కలిపి కొత్త మెడలో కూర్చోబెట్టాడు. దానికి మెరుగు పెట్టలేదు, అద్దంలో చూడలేదు. సిరా పోసి, మూత బిగించి, తలకిందులుగా జేబులో పెట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆయన తిరిగొచ్చాక నన్ను కూర్చోబెట్టి, లైబ్రరీలో పనిచేసే ఒకాయన కోసం చేసిన పెన్ను చేతిలో పెట్టాడు. నేను ఒక వాక్యం రాశాను. అక్షరాలు బానే దిగాయి. "బాగుంది" అని గట్టిగా అరిచాను.

"ఏం బాగుంది, గీరుతోంది" అని వంటింట్లోంచి వినపడింది.

నేను ఉలిక్కిపడ్డాను. ఎన్నాళ్ళకో ఆ గొంతు ఆ గదిలోకి వచ్చింది. బావకి వినపడలేదు కానీ నా ముఖం చూసి ఏదో జరిగిందని పసిగట్టాడు. "గీరుతోందట" అని చెవి దగ్గర చెప్పాను. గబగబా రేకు తీసి సర్దాడు. మళ్ళీ రాశాను.

"కిందకి వచ్చేటప్పుడు బానే ఉంది. పైకి పోయేటప్పుడు ఇంకా గీరుతోంది. నీ చెవులకి కూడా మిల్లు పట్టిందిరా?"

ఈసారి ఆ మాట గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, కొంగుకి తుడుచుకుంటోంది. బావ మళ్ళీ సర్దాడు. అక్క నా వెనక్కి వచ్చి నిలబడి, తల పక్కకి వాల్చి, "రాయి" అంది. నేను రాశాను. నా కోడి గీతలని ఆమె చూడనైనా చూడలేదు, ఉత్త చప్పుడు విన్నది. విని, తల నిలువుగా ఊపింది. బావ కళ్ళు ఆ ఊపు మీదే ఉన్నాయి.

ఆయన లేచి అక్క కుర్చీ మీద రజను తన చొక్కా చేత్తోనే తుడిచాడు. జేబులోంచి చారల పెన్ను తీశాడు. ఆ జేబు దగ్గర కొత్త మచ్చ పడలేదు. పెన్ను బల్ల మీద పెట్టి, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టాడు.

"ఎవరిది?" అంది అక్క. పెదవులు చూసి పోల్చుకున్నాడు.

"నీది."

"నాకెందుకు? ఇల్లంతా పెన్నులేగా" అంది. అంటూనే ఆ చారలని వేలితో నిమిరింది. ఇన్ని పెన్నులు ఆమె చేతి మీదుగా వెళ్ళాయి, ఒక్కటీ ఆమెది కాదు. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ అంతకుముందు తట్టలేదు. కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఎప్పటిలాగే ఒక పక్కకి ఒరిగింది. పెన్ను పట్టుకుంది, పాళీ చిల్లు కిటికీ వైపు తిరిగింది. రాయడం మొదలుపెట్టింది. నేను చెవి ఒగ్గి విన్నాను. చప్పుడు లేదు.

రాసి కాగితం బావ ముందుకి తోసింది. తోసి, మూత పెట్టి, చేతులు కట్టుకుని ఆయన్నే చూస్తూ కూర్చుంది. ఆయన అలవాటు కొద్దీ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి కాగితం ముక్కు దాకా తెచ్చుకున్నాడు. అక్కడ ఆగాడు. కాగితాన్ని దూరం జరిపి, కళ్ళజోడు మళ్ళీ కిందకి లాక్కున్నాడు. బడిపిల్లాడిలా పెదవులు కదుపుతూ చదివాడు. నేను ఆయన భుజం మీంచి తొంగి చూశాను.

"ఈ కుర్చీ కాలు ఇంకా ఊగుతోంది" అని ఉంది.

బావ కాగితం బల్ల మీద పెట్టాడు. అక్కని చెయ్యి పట్టుకుని లేపి, కుర్చీని తిరగేసి నేల మీద పెట్టాడు. స్క్రూడ్రైవరు తీసుకుని, దాని కాళ్ళ మధ్యకి తల దూర్చి పని మొదలుపెట్టాడు.

అక్క అక్కడే నిలబడింది. కళ్ళు తుడుచుకుని, "పెన్ను ఎలా రాసిందో చూడరా మీరు?" అంది.

ఆయనకి వినపడలేదు. నేను ఆమె తరఫున అరవబోతే చేత్తో వద్దని ఆపింది. మిషన్ అంచుకి ఆనుకుని, కాగితం దగ్గరికి లాక్కుని, పెన్ను మూత మళ్ళీ తిప్పింది.